సంఘం కొనాల్సింది పొదిగే మెషిన్ కాదు, టీకా సీసా



ఈసారి కూడా పొడుగ్గానే రాస్తున్నాను. ఓపిక లేనివాళ్లు చివర్లో ఉన్న నాలుగు మాటలు చదివి పోండి. ఓపిక ఉన్నవాళ్లు అంతా చదివి, ఆ తర్వాత తిట్టండి.

పోయిన ఆదివారం మన గ్రూపులో రెండు ప్రతిపాదనలు వచ్చాయి. ఒకటి, ఉగాదికి పెట్టే పద్యాల పోటీలో గెలిచిన 20 మంది పిల్లలకు ఎప్పుడూ ఇచ్చే స్టీలు డబ్బాలకు బదులు తలా ఒక జత సిల్కీ కోడిపిల్లలు ఇవ్వాలని. రెండోది, సంఘం డబ్బుతో 100 గుడ్లు పట్టే ఇంక్యుబేటర్ కొని, సిల్కీ గుడ్లు ఆన్‌లైన్‌లో తెప్పించి, పిల్లల్ని చేయించి సభ్యులకు పంచాలని. సాయంత్రానికి చప్పట్ల బొమ్మలు వరసగా పడ్డాయి. వద్దన్నది నేను, ఇంకో ఇద్దరు అక్కలు. "అన్నా, నువ్వు ప్రతిదానికీ అడ్డమే" అని ఒక తమ్ముడు రాసినాడు. ప్రతిదానికీ కాదు తమ్ముడూ, దీనికి మాత్రం గట్టిగా అడ్డమే. ఎందుకో చెప్తాను.

ముందు ఒక మాట. నాకు సిల్కీ కోడి మీద ఏ కోపమూ లేదు. అది నిజంగానే ముద్దొచ్చే కోడి. మామూలు కోడి ఈకలో సన్నటి పోగులు ఒకదాన్నొకటి చిన్న చిన్న కొక్కేలతో పట్టుకుని రేకులాగా నిలబడతాయి. సిల్కీ ఈకకు ఆ కొక్కేలు లేవు. అందుకే ఒళ్లంతా దూది అంటించినట్టుంటుంది. చాలా కోళ్లకు నాలుగు వేళ్లుంటే దీనికి అయిదు. చర్మం నలుపు, ఎముక కూడా నలుపే. ఎగరలేదు, పొడవడానికి రాదు, చంకలో పెట్టుకుంటే నిద్రపోతుంది. చైనా వైపు నుంచి వచ్చిన పాత జాతి. పిల్లిలాగా బొచ్చున్న నల్లకోళ్లను అక్కడ చూస్తారని 13వ శతాబ్దంలోనే మార్కోపోలో చెప్పుకున్నాడు. కాబట్టి ఇది నిన్నమొన్న ఎవరో పుట్టించిన ఫ్యాషన్ కాదు. దాన్ని మనం తెచ్చి పంచాలనుకునే తీరు మాత్రం ఫ్యాషనే. నా గొడవంతా ఆ తీరుతోనే.

మొదట మెషిన్ సంగతి. "గుడ్లు పెట్టి మూత వేస్తే 21 రోజులకు పిల్లలు బయటికొస్తాయి" అని గ్రూపులో ఒక వీడియో తిరిగింది. ఆ 21 రోజుల్లో ఏం చెయ్యాలో ఆ వీడియోలో లేదు. లోపల వేడి 37.5 డిగ్రీలు ఉండాలి. వేడి బాగా ఎక్కువై కొన్ని గంటలు అట్లానే ఉంటే గుడ్డులోని ప్రాణం పోవచ్చు. తగ్గితే పిల్ల ఆలస్యంగా, నీరసంగా వస్తుంది. మెషిన్‌తో వచ్చే మీటరును నమ్మకూడదు, ఇంకో థర్మామీటరు పెట్టి సరిచూసుకోవాలి. తేమ మొదటి 18 రోజులు నూటికి 45 నుంచి 50, చివరి మూడు రోజులు 65 నుంచి 70. రోజుకు మూడుసార్లకు తగ్గకుండా గుడ్లు తిప్పాలి, 18వ రోజు ఆపాలి. ఆ తర్వాత మూత తియ్యకూడదు. పిల్ల పెంకు పగలగొడుతుంటే "అయ్యో పాపం" అని మనం వేలు పెట్టకూడదు. కొరియర్‌లో కుదుపులు తిన్న గుడ్డును వచ్చిన రోజే మెషిన్లో వెయ్యకూడదు, లావు వైపు పైకి పెట్టి ఒక రోజు కదలకుండా ఉంచాలి. అన్నీ సరిగ్గా చేసినా దూరం నుంచి వచ్చిన గుడ్లలో ఎన్ని పొదుగుతాయో పంపినవాడు కూడా చెప్పలేడు.

ఇంక కరెంటు. మన హోసూరులో నెలకోసారి మెయింటెనెన్స్ పేరుతో పొద్దున 9 గంటలకు తీస్తే సాయంత్రం దాకా రాదు. 21 రోజుల్లో అట్లాంటి రోజు ఒకటి పడే అవకాశం ఎంతో మీరే లెక్కేసుకోండి. సంఘం ఆఫీసులో రాత్రి పడుకునేది ఎవరు? రాత్రి రెండు గంటలకు కరెంటు పోతే లేచి చూసేది ఎవరు? చప్పట్లు కొట్టినవాళ్లలో ఒక్కరైనా ఆ పేరు రాసినారా?

ఇంత అవస్థ దేనికోసం? ఈ భూమ్మీద పొదగడానికి అన్నిటికంటే ఇష్టపడే కోడి పిల్లల్ని చేయించడానికి! సిల్కీ పెట్ట పేరు మోసిందే ఆ పనికి. పది గుడ్లు పెట్టిందో లేదో పొదుగుకొచ్చేస్తుంది. కింద గుడ్డు లేకపోయినా గూడు వదలదు. వేరే దేశాల్లో నెమలిజాతి పక్షుల గుడ్లు, కౌజు గుడ్లు, బాతు గుడ్లు పొదిగించడానికి కూడా సిల్కీ పెట్టనే పెంచుకుంటారు. అట్లాంటి పెట్టను పక్కన పెట్టి దాని గుడ్డును కరెంటు పెట్టెలో వేయడమంటే, చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు. సిల్కీ పెట్ట లేకపోయినా ఫర్వాలేదు. మన పల్లెల్లో ఏ ఇంట్లో అడిగినా పొదుగుకొచ్చిన నాటుపెట్ట దొరుకుతుంది. సిల్కీ గుడ్డు చిన్నది, నాటుపెట్ట కింద పది పన్నెండు హాయిగా సరిపోతాయి.

దానికేం కావాలి? ఒక బుట్ట, కొంచెం వరిగడ్డి, చీకటిగా ఉండే మూల, కుక్కా పిల్లీ పందికొక్కూ రాని చోటు. పెట్ట నిజంగా కూర్చుందా లేదా అని రెండు రోజులు ఉత్త గుడ్లతో చూసి, రాత్రిపూట అసలు గుడ్లు మార్చాలి. రోజుకోసారి లేపి మేత, నీళ్లు చూపించాలి. ఏడో రోజు రాత్రి గుడ్డును టార్చిలైటుకు పెట్టి చూస్తే సాలెగూడు మాదిరి ఎర్రటి నరాలు కనిపిస్తాయి. కనిపించనిదాన్ని తీసెయ్యాలి, లేకపోతే మురిగి మిగతావాటి మధ్యన పగులుతుంది. వేడి, తేమ, తిప్పడం, అన్నీ పెట్టే చూసుకుంటుంది. పిల్లలు లేచినాక రెక్కల కింద దాచుకునేదీ, నూక ముక్కను పొడిచి చూపించేదీ, గద్ద నీడ పడితే అరిచి పిలిచేదీ అదే. మెషిన్ పిల్లకు ఈ పనులన్నీ మనం చెయ్యాలి. మొదటిసారి కోళ్లు పెంచేవాళ్లు ఇంక్యుబేటర్‌తో మొదలుపెట్టడం, ఈత రానివాడు బావిలో మధ్యకు దూకడం లాంటిది.

రెండోది, బహుమతి సంగతి. ఇది నాకు ఇంకా ఎక్కువ బాధ. సంతలో, జాతరలో అట్టపెట్టెలో గులాబీ, పచ్చ, నీలం రంగులు పూసిన కోడిపిల్లలు అమ్ముతారు చూసినారా? గుడ్ల కోళ్ల హ్యాచరీల్లో మగపిల్లలు పనికిరావని తీసేస్తారు, అట్లా వచ్చినవే చాలావరకు అవి. బిడ్డ ఏడుస్తాడు, తండ్రి కొనిస్తాడు, మూడో రోజు పిల్ల చస్తుంది, నాలుగో రోజు మరిచిపోతారు. దాన్ని చూసి మనమందరం ఛీ అంటాం. రంగు తీసేసి, ధర పెంచి, సంఘం బ్యానరు కింద పెడితే అది వేరే పని అయిపోతుందా?

పిల్లకు మొదటి వారం 35 డిగ్రీల వేడి కావాలి. తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోవాలి. ఉగాది నాటికి పగలు ఎండగా ఉన్నా మన ఊరి రాత్రి పిల్లకు చలే. బల్బు కింద అన్నీ ఒక ముద్దగా దూరితే చలి, గోడలకు పోయి నోరు తెరిస్తే వేడి, చెల్లాచెదరుగా తిరుగుతుంటే సరిపోయింది అని అర్థం. ఇది ఎవరు చూడాలి? పరీక్షలు ముందున్న బిడ్డా? పద్యం బాగా చెప్పినందుకు ఆ బిడ్డకు మనం వేసే శిక్ష ఇదా? నున్నటి న్యూస్‌పేపరు పరిస్తే పిల్ల కాళ్లు జారి పక్కలకు విడిపోతాయి. నీళ్ల గిన్నెలో గులకరాళ్లు వెయ్యకపోతే పడి మునిగిపోతుంది. తోక కింద రెట్ట ఎండి అంటుకుంటే గోరువెచ్చని నీళ్లతో తుడవాలి. ఉత్త నూకలూ రాగులూ వేస్తే చాలదు, మొదటి రెండు నెలలు స్టార్టర్ మేత కావాలి. కింద పరిచిన పొట్టు తడిస్తే రక్తవిరేచనాలొస్తాయి. బిడ్డలు పిల్లల్ని ముద్దు పెట్టుకోకూడదు, తాకినాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. బహుమతి పెట్టె మీద ఇదంతా ఎవరు రాస్తారు?

సిల్కీకి వేరే కష్టాలు కూడా ఉన్నాయి. ఆ కొక్కేలు లేని ఈక వాన నీటిని జార్చదు, గుడ్డలాగా పీల్చుకుంటుంది. ఐప్పసి వానలు మొదలైనాక మన ఊరి చలిలో తడిసిన సిల్కీ గంటలో వణికి మూలకు చేరుతుంది. జుట్టు కళ్ల మీద పడి చూపు ఆనదు, కత్తిరించాలి. ఆ దట్టమైన బొచ్చులో పేలు పట్టినా పైకి కనిపించవు. చాలా సిల్కీలకు జుట్టు కింద పుర్రె ఉబ్బుగా ఉండి, మధ్యలో ఎముక పూర్తిగా మూసుకోదు. నాటుకోళ్ల మధ్యన వదిలితే, నెత్తి మీద పడిన ఒక్క పోటు చాలు. "మా ఇంట్లో నాటుకోళ్లతో పాటు తిరుగుతాయిలే" అనే మాట దయచేసి అనకండి.

ఎవరూ మాట్లాడని సంగతి ఇంకొకటుంది. జత ఇస్తాం అంటున్నారు. ఏది జత? సిల్కీ పిల్లను పుట్టినప్పుడు చూసి పెట్టో పుంజో చెప్పడం అయ్యే పని కాదు. నాలుగైదు నెలలు పోయి, కూసిన రోజు తెలుస్తుంది. 40 పిల్లలు పంచితే దగ్గర దగ్గర సగం పుంజులు. బస్తీలో, మిద్దె మీద, గోడకు గోడ ఆనుకున్న ఇళ్లలో తెల్లారుజామున నాలుగు గంటలకు 20 పుంజులు కూస్తే ఇరుగుపొరుగు ఏమంటారు? ఆ పుంజుకు అప్పటికే బిడ్డ పేరు పెట్టుకుని ఉంటుంది. దాన్ని కోస్తారా, సంతకు పంపిస్తారా, రాత్రిపూట చెరువుగట్టున వదిలేస్తారా? కోసి తినడం తప్పని నేననను, మన ఇళ్లలో కోడికూర వండని పండగ లేదు. కానీ బిడ్డకు ఒక మాట చెప్పి ఇచ్చి, ఇంకో పని చెయ్యడం తప్పు. పుంజును ఏం చేస్తారో ముందే తేల్చుకోలేని ఇంట్లోకి పిల్లను తీసుకురాకూడదు.

"బిడ్డలకు జాలి, బాధ్యత అలవాటవుతాయి కదా" అని ఒక అక్క అడిగింది. మంచి ప్రశ్న అక్కా. అడిగి తెచ్చుకున్న ప్రాణం దగ్గర బాధ్యత అలవాటవుతుంది. అడగకుండా చేతిలో పెట్టిన ప్రాణం చచ్చిపోయి, మర్నాడు నాన్న ఇంకోటి తెచ్చిస్తే, బిడ్డ నేర్చుకునేది ఒకటే: ప్రాణం పోతే ఇంకోటి కొనుక్కోవచ్చని. అది మనం నేర్పాల్సిన పాఠం కాదు.

ఇంక మందు, డబ్బు. "నల్లకోడి మాంసం తింటే షుగరు తగ్గుతుంది, నడుమునొప్పి పోతుంది" అని ఒక ఫార్వర్డ్ వచ్చింది. దాని కింద సిల్కీ ఫొటో, పేరేమో కడక్‌నాథ్! ఆ రెండూ వేరే వేరే జాతులు. కడక్‌నాథ్ మధ్యప్రదేశ్‌లోని ఝాబువా వైపు గిరిజనులు పెంచుకునే కోడి, 2018లో దాని మాంసానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. దాని ఈక మామూలు కోడి ఈకే. రెండిటికీ ఒళ్లు నలుపన్న ఒక్క పోలికను పట్టుకుని దాని పేరుతో దీన్ని, దీని ఫొటోతో దాన్ని అమ్ముతున్నారు. చైనాలో సిల్కీని సూప్ చేసుకుని బలానికి తాగుతారు, నిజమే. మన ఇళ్లలో బాలింతకు నాటుకోడి రసం పెట్టినట్టే అదీ. అంతమాత్రాన షుగరు మాత్రలు ఆపమని పెద్దవాళ్లకు చెప్పడం చాలా ప్రమాదం. ఆ ఫార్వర్డ్ పెట్టినవాళ్లు దాన్ని తీసెయ్యాలని కోరుతున్నాను.

"ఒక జత పెంచితే ఏడాదికి అంత సంపాదన" అనే లెక్క కూడా చూసినాను. అది చదివినప్పుడు నాకు ఈముపక్షులు గుర్తొచ్చాయి. మన రాష్ట్రంలోనే, ఈరోడ్ జిల్లా పెరుందురైలో, పిల్లల్ని మేమే ఇస్తాం, మేత మేమే ఇస్తాం, పెంచితే మేమే తీసుకుంటాం అన్నారు. 2012లో అది కూలిపోయింది. జనం డబ్బు పోయింది, షెడ్లలో పక్షులు మేత లేక అల్లాడితే ప్రభుత్వం మేత వెయ్యాల్సి వచ్చింది. సిల్కీ అంత పెద్ద ముచ్చట కాదు, ఒప్పుకుంటాను. కానీ లెక్క అదే లెక్క. కొనేవాళ్లు అందరూ అమ్మడానికే కొంటుంటే, చివరికి పెంచుకునేవాళ్లు ఎవరు? సిల్కీ ఏడాదికి పెట్టేది 100 చిన్న గుడ్లు, కాస్త అటూ ఇటూ. మధ్య మధ్యలో పొదుగుకొచ్చి మానేస్తుంది. గుడ్ల కోసమూ కాదు, మాంసం కోసమూ కాదు, ఇష్టముంటే పెంచుకునే కోడి అది. అట్లానే చెప్పుకుందాం, సిగ్గేముంది?

సంఘం అసలేం చెయ్యాలి అంటే, మనం ఒక్కొక్కరం చెయ్యలేని పని చెయ్యాలి. పొదగడం ఒక్క పెట్ట ఒక్క ఇంట్లో చేసుకుంటుంది, దానికి సంఘం అక్కర్లేదు. ఒక్క ఇంటివాళ్లు చేసుకోలేనిది టీకా. మన పెద్దవాళ్లు కొక్కెర తెగులు అనేవాళ్లు చూడండి, మెడ తిప్పుకుని, పచ్చ రెట్ట వేసి, వారంలో గంపలన్నీ ఖాళీ అయ్యేవి, అది టీకాతో ఆగే జబ్బు. వారం లోపు పిల్లకు కంట్లో ఒక చుక్క, నాలుగో వారం మళ్లీ, ఎనిమిది పది వారాలకు ఇంజక్షను. మధ్యలో రెండో వారం గంబోరో టీకా, ఆరో వారం అమ్మవారి టీకా. కష్టమెక్కడంటే, సీసా వంద డోసులకు తక్కువగా దొరకదు. చల్లదనం పోకూడదు. ఒకసారి కలిపితే రెండు గంటల్లో అయిపోవాలి. నాలుగు కోళ్లున్నాయన ఒక్కడే వంద డోసుల సీసా ఎందుకు కొంటాడు? కొనడు. ఆ కోళ్లు చస్తాయి, పక్కింటివీ చస్తాయి. 25 ఇళ్లు కలిస్తే అదే సీసా ఒక్క పొద్దులో అయిపోతుంది. సంఘం అంటే ఇదే కదా!

మారెక్స్ అని ఇంకో జబ్బుంది, కాళ్లు చచ్చుబడిపోతాయి. సిల్కీలకు అది తొందరగా పట్టుకుంటుంది. దాని టీకా పుట్టిన రోజే హ్యాచరీలో వెయ్యాలి, తర్వాత వేసి పెద్ద లాభం లేదు. కాబట్టి పిల్లల్ని కొనేవాళ్లు రంగు ఏమిటి, జుట్టు ఎంత అని కాదు, మారెక్స్ టీకా వేసినారా అని ముందు అడగాలి. జవాబు నసిగితే లేచి రావాలి.

ఇంకొకటి. మత్తిగిరిలో కోళ్ల పెంపకానికే ఒక కాలేజీ ఉంది. పక్కనే పశువుల ఫారం ఉంది. ఇంత దగ్గర చదువుకున్నవాళ్లను పెట్టుకుని, ఎక్కడో కూర్చుని వీడియోలు చేసేవాణ్ణి నమ్మి గుడ్లు తెప్పించుకోవడమేంది? ఒక పెద్దమనిషిని పిలిచి, కాఫీ ఇచ్చి, రెండు గంటలు చెప్పించుకుందాం. వాళ్లు చెప్పేది తమిళంలో అయినా ఇబ్బంది లేదు, మనలో ఎవరికి రాదు? తర్వాతి గంట మాత్రం తెలుగులో, మన అవ్వలతో. పొదుగు, గంప, పెట్ట, పుంజు, నూక, తవుడు అనే మాటలు మన బిడ్డలకు పుస్తకంలో కాదు, ఆ గంటలో వస్తాయి. ఏ గుడ్డు పొదుగుకు పనికొస్తుందో చేత్తో పట్టుకుని చెప్పే అవ్వలు మన సంఘంలో ఇంకా ఉన్నారు. వాళ్లను ఒక్కసారైనా వేదిక మీద కూర్చోబెట్టినామా?

అందుకని వచ్చే సమావేశంలో పెట్టమని కోరుతున్న నాలుగు మాటలు ఇవి.

ఒకటి, ఉగాది బహుమతిగా ప్రాణమున్నది ఏదీ ఇవ్వకూడదు. స్టీలు డబ్బాలు విసుగైతే తెలుగు పుస్తకాలు ఇవ్వండి.

రెండు, ఇంక్యుబేటర్ వద్దు. ఆ డబ్బులో కొంత టీకాలకూ, ఐస్ పెట్టెకూ పెట్టి, రెండు నెలలకోసారి ఒక ఆదివారం పొద్దున సభ్యుల ఇళ్లలోని కోళ్లన్నిటికీ పశువుల డాక్టరు చేతో, ఆయన నేర్పినవాళ్ల చేతో టీకాలు వేయించాలి. నాటుకోడైనా, సిల్కీ అయినా.

మూడు, సిల్కీ కావాలనుకునేవాళ్లు పేరు ఇవ్వండి. గూడు కట్టి, వాన తగలని చోటు చూపించి, పుంజు వస్తే ఏం చేస్తారో చెప్పినవాళ్లకు, పొదుగుకొచ్చిన పెట్ట ఉన్న సభ్యుల ఇంట్లో గుడ్లు పెట్టిద్దాం. నాలుగు పిల్లలతో మొదలుపెట్టండి, నలభైతో కాదు.

నాలుగు, నల్లకోడి మందు అనే ఫార్వర్డులు ఈ గ్రూపులో ఇక రాకూడదు.

నా మాట నచ్చనివాళ్లు రండి, సమావేశంలో వాదించుకుందాం. కానీ వచ్చేటప్పుడు ఒక ప్రశ్నకు జవాబు తెచ్చుకోండి: ఆ 21 రాత్రులు మేలుకునేది ఎవరు? పేరు రాసి ఇచ్చినవాళ్లు ఉంటే, నేను మెషిన్‌కు అడ్డం చెప్పను.